చల్లని ఇల్లు చూడబోయి

మే రెండో వారంలో, పొద్దున ఐదు నలభైకి, నేనూ నా భార్య మాబున్నీ ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కాం. ఎండ ముదరకముందే సగం దారి దాటాలని అంత పొద్దున్నే బయల్దేరాం. ఆధార్ కార్డు చూపిస్తే మాబున్నికి సున్నా టికెట్టు కొట్టారు. డబ్బులు కట్టింది నా ఒక్కడికే.

నేను ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తాను. మూడేళ్ల కిందట గ్యాస్ అంటుకుని మాబున్నికి మెడ నుంచి నడుము దాకా, కుడిచెయ్యితో సహా కాలింది. ప్రాణం నిలిచింది గానీ, కాలి మానిన చర్మానికి చెమట పట్టదు. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. మేముండేది రెండో అంతస్తులో, స్లాబు కింద ఒక్క గది. వేసవి వస్తే తడి చీర కప్పుకుని బండల మీద పడుకుంటుంది. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చాను.

అందుకే ఊరి బయట మాకున్న మూడు సెంట్లలో, కరెంటు ఉన్నా లేకున్నా చల్లగా ఉండే ఇల్లు ఒకటి గీసుకున్నాను. రెండు వరసల రాతిగోడలు, పడమటి వైపు కిటికీ ఉండదు, ఉత్తరాన పెద్ద కిటికీలు. వేడిగాలి పైకి పోయేందుకు మట్టిమిద్దెలో కంతలాంటి గవాచి. ఫ్యాన్లకీ లైట్లకీ పైన ప్యానెళ్లు.

అలాంటి ఇల్లు పులివెందులలో ఓబులేసు సారుకుంది. ఆయన సైన్సు టీచరుగా రిటైరయ్యారు, పన్నెండేళ్ల కిందట తానే గీసి కట్టించుకున్నారు. పోయిన పుష్యమాసంలో ఇన్వర్టరు బాగుచేయడానికి పోయి, ఆ ఇల్లు చూసి మనసు పారేసుకొచ్చాను. ముగ్గు పోసేముందు ఇంకొకసారి చూసొస్తానంటే మాబున్ని ఒప్పుకోలేదు.

“నేనూ వస్తా. ఎండాకాలం ఆ ఇల్లు యెట్లుంటాదో నా ఒంటికి తెలిసినట్టు నీకు తెలుస్తాదా?” అంది.

బస్సులో పక్కన కూర్చున్న ముసలామె మాబున్ని మెడ మీది మచ్చలు చూసింది.

“ఏమైంది తల్లీ?”

“గ్యాస్ అంటుకునిందవ్వా.”

“యీ యెండల్లో యాడికి పోతాండావు మరి?”

“ఇల్లు చూసేకి.”

“పెండ్లిచూపులు చూసినట్టు ఇంటిని చూసేకి పోతారా యెవురన్నా!” అంది అవ్వ. మాబున్ని చాలా రోజులకి పళ్లు కనబడేలా నవ్వింది.

ఆరున్నరకి జమ్మలమడుగు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తింటుంటే, గోడలు కట్టేందుకు నేను ముందే మాట్లాడి పెట్టుకున్న బేల్దారి పుల్లన్న వచ్చాడు. ప్లాను అటూ ఇటూ తిప్పి చూశాడు. “గోడ నా పూచీ. మిద్దె మీద చౌడుమట్టి నేనే దగ్గరుండి తొక్కిపిస్తా. రేపే ముగ్గు పోయించు మామా” అన్నాడు. ఆ మాటతో రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్నాను.

ఏడుంపావుకి పులివెందుల బస్సు. ముద్దనూరు చేరేసరికే కిటికీ ఊచలు చురుక్కుమంటున్నాయి. ఆమె వీపు మీది తువ్వాలు రెండుసార్లు తడిపాను. తొమ్మిదిన్నరకి దిగి, ఆటోలో లింగాల రోడ్డుకి పోయాం. పోయినసారి సారు ఇంటికి రెండు పక్కలా అరటి తోటలుండేవి. ఇప్పుడు అక్కడ ప్లాట్ల రాళ్లు పాతారు. కొన్ని మేడలు కూడా లేచాయి.

లోపల అడుగు పెట్టగానే మాబున్ని “అబ్బ” అంది. గోడకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. తడిగుడ్డ లేకుండా ఆమె నిద్రపోవడం ఆ వేసవిలో అదే మొదలు. నేను గోడల మందం, కిటికీల ఎత్తు కొలిచి రాసుకున్నాను. సారువాళ్లు సంగటి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి పెట్టారు. తిన్నాక నేను సెలవడిగితే సారు తల అడ్డంగా ఊపారు.

“పొద్దు గూకేదాకా ఉండు మస్తానూ. సగం చూసి పోవద్దు.”

ఆరు దాటాక మాబున్ని గోడ దగ్గర్నుంచి జరిగి కూర్చుంది. మళ్లీ దగ్గరికి పోయి ఎడమ అరచెయ్యి ఆనించింది.

“గోడ కాలుతాంది” అంది.

సారు కిటికీలన్నీ తెరిచారు. పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడిగాలి కొట్టింది.

“రాయి పగలంతా వేడి తాగుతాది. రాత్రి సల్లగాలి తగిలితే దాన్ని వదిలేస్తాది. మొదట్లో తోటల మీద నుంచి గాలొచ్చేది, తెల్లారేసరికి గోడలు మంచులాగుండేవి. ఇప్పుడు రాత్రులే సల్లబడ్డంలేదప్పా.”

“మరి మీరు యెట్ల పండుకుంటాండారు సార్?” అనడిగాను.

పోయినసారి మూసి ఉన్న వెనకవైపు గది తలుపు ఆయన తీశారు. కిటికీలు ఇటుకలతో మూసేసి ఉన్నాయి. గోడకి ఏసీ ఉంది.

“నేనే మూపిచ్చినా. సిగ్గుగానే ఉండాది” అన్నారు. “కరెంటు పోతే ఇద్దరం మిద్దెక్కుతాం. రాత్రంతా ఏసీ లాగే బ్యాటరీ మనం పెట్టగలమా?”

పెట్టలేమని ఆయనకంటే నాకే బాగా తెలుసు. అది నా పని.

మాబున్ని మొహం కందిపోయింది. ఊపిరి ఎగబోస్తోంది. సారు భార్య ఆమెని ఆ గదిలో పడుకోబెట్టి తడిగుడ్డలు వేసింది. నేను బయట కూర్చుని నా ప్లానులో తప్పు వెతికాను. దొరికితే దిద్దుకునేవాణ్ని. దొరకలేదు.

ఆమె ఊపిరి కుదుటపడ్డాక బయల్దేరితే, ఏడున్నరకి ప్రొద్దుటూరు బస్సు దొరికింది. అలాంటి ఇల్లు చూడ్డానికి మీరెవరైనా పోతే పుష్యంలో పోకండి, మేలో పొండి. మధ్యాహ్నం చూసి మురిసిపోకుండా, పొద్దు గూకాక గంటసేపు గోడ పక్కన కూర్చోండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆ వేడిని ఓర్చుకోవచ్చు. మాకు ఆ గంటే ముఖ్యం.

ముద్దనూరు దాటాక మాబున్ని కళ్లు తెరిచింది.

“వానలు యెప్పుడు పడతాయి?”

“జూన్‌లో పడొచ్చు” అన్నాను. పడతాయని అనలేకపోయాను.

కాలినప్పుడు ఆమె కుడిచేతి వేళ్లు అతుక్కుపోయాయి. అందుకని నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నా వేళ్ల మీద జూన్ దాకా ఒక్కొక్క రోజూ లెక్కపెట్టసాగింది.