ఎదురుబరువు

చేతులకు గ్రీజు వదిలి రెండేళ్ళయినా, ఆ లిఫ్టు మెకానిక్ మాటమాటకీ అరచేతులు చొక్కా అంచుకు తుడుచుకుంటూనే ఉంటాడు. తాడు అరిగిన లిఫ్టుకు చదువుకున్న ఇంజినీరు కళ్ళు మూసుకుని బాగుందని సంతకం గీకాడు. పెద్ద చదువులేని ఈయన ఎవరూ ఎక్కకుండా తాళం వేశాడు. యజమాని ఎవరి ఉద్యోగం ఊడబీకాడో వేరే చెప్పాలా? అప్పటి నుంచి కూతురి ఫోనులో, దిమ్మెలు పేర్చి ఊళ్ళు కట్టే ఆట పట్టుకున్నాడు. ఆ ఊళ్ళలో ఏదీ కదలదని ఆయన దిగులు. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో పైకి లేచే వంతెన, తిరిగే గేటు, లిఫ్టు గీసి, ఆట కంపెనీకి పంపమని కూతురి ప్రాణం తోడేస్తాడు. లిఫ్టు పైకి లేస్తే అటువైపు కిందికి దిగే ఇనప ఎదురుబరువు గీయనిదే, "ఎనిమిది మందికి మించరాదు" అని రాయనిదే కాగితం వదలడు. పదకొండు కాగితాలూ చెవిటివాడి ముందు ఊదిన శంఖాలే అయ్యాయి. పన్నెండోదానికి జవాబొచ్చిందంటే మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వచ్చి కూర్చున్నాడు.

"లిఫ్టు పెడతారట నాన్నా! ఎదురుబరువు మాత్రం అక్కర్లేదట. వాళ్ళ ఆటలో దేనికీ బరువుండదట."

"ఎక్కే మనుషులకో?"

"వాళ్ళకీ ఉండదు. తాడు తెగినా ఎవరూ చావరులే, ఇకనైనా సంతోషించు."

ఆయన అరచేతులు ఉతికిన చొక్కాకే తుడుచుకున్నాడు.

"మా యజమానీ అచ్చం ఆ మాటే అన్నాడమ్మా," అని ఫోను బోర్లా పెట్టేశాడు.