సందులోకి తెరిచిన కిటికీ

మదనపల్లెలో ఒక చిన్న డిజైను ఆఫీసులో పనిచేస్తాను. ఊళ్ల అంచుల్లో పేదలకు కట్టే కాలనీలకు లేఅవుట్లు గీయడం మా పని. ఇంటి ప్లాను మాత్రం మాది కాదు. అది పైనుంచి వస్తుంది. ఏ ఊరికైనా అదే ప్లాను: ఒక గది, వంటిల్లు, స్నానాలగది, పైన స్లాబు. ఆ ఇళ్లను స్థలంలో ఎలా పేర్చాలన్నదే మా చేతిలో ఉంటుంది.

ఒక ఎండాకాలం కుప్పంలో కొత్త కాలనీ పని వచ్చింది. గీత మొదలుపెట్టేముందు, అదే ప్లానుతో పుంగనూరు దగ్గర అప్పటికే కట్టిన ఇళ్లను చూసి రమ్మని మా సారు పంపాడు. పొద్దంతా ఫ్యాన్లు తిరిగినా లోపల ఉండలేకపోతున్నామని అక్కడివాళ్లు చెబుతున్నారట.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. చెట్టు లేని మిట్టమీద ఇళ్లు వరసగా ఉన్నాయి. సగం ఇళ్లలోకి ఇంకా ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు కూలికి వెళ్లారు. చివరి వరసలో ఒక్క ఇంట్లోంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. నా వయసే ఉంటుంది ఆమెకు, జాకెట్లు కుడుతోంది. మంచం మీద వాళ్లత్త. పక్షవాతం వచ్చి ఒక వైపు పడిపోయింది.

నేను లోపలికి వెళ్లి గోడలు, కిటికీ కొలుచుకుంటుండగా బయట సుడిగాలి లేచింది. ఇనుప తలుపు దభీమని పడింది. ఆమె లేచి వెళ్లి లాగింది. రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. గడియ ఫ్రేములో ఇరుక్కుపోయింది. నా ఫోను బండి డిక్కీలో ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆమె భర్త పట్టుకుని మదనపల్లె టమోటా మార్కెట్టుకు పనికి పోయాడు. కాసేపటికి కరెంటు కూడా పోయింది.

ఫ్యాను ఆగిన తర్వాతగానీ ఆ గది ఏమిటో నాకు తెలియలేదు. స్లాబు నుంచి సెగ తలమీద కూర్చున్నట్టుగా దిగింది. ఉన్న ఒక్క కిటికీకి మొహం పెట్టి అరిచాను. ఎదురుగా పక్కింటి గోడ. నా కేక ఆ సందులోనే పడిపోయింది.

"కిటికీ తీసే ఉండాది, కొంచెమన్నా గాలి రాదే," అన్నాను.

"యాడ్నుంచి వస్తాదక్కా? చెయ్యి సాపితే ఆ గోడ తగులుతాది. గాలి తిరిగేదానికి జాగా యాడుండాది?" అంది. లోపలికి వచ్చినప్పుడు నన్ను మేడమ్ అని పిలిచిన మనిషి ఎప్పుడు అక్కా అనడం మొదలుపెట్టిందో నేను గమనించలేదు.

చీర చెంగు తడిపి ముసలామె మొహం తుడుస్తూ కూర్చున్నాం. ఆమెకు తలుపు పడిన సంగతి తెలియదు. నోరు సరిగా తిరగదు. ఒక్క మాట మాత్రం స్పష్టంగా వస్తోంది: "బైట... బైట."

తలుపు ఇరుక్కుందని, ఎవరైనా రాగానే తీస్తారని ఆమెకు చెప్పబోయాను. కోడలు చెయ్యి అడ్డంపెట్టింది.

"ఈ పొద్దే కాదక్కా, దినామూ ఇదే మాట. తలుపు తెరిసున్నా నేనొక్కదాన్ని ఎత్తలేను. మా ఆయన వచ్చేదాకా ఇద్దరమూ ఈడే."

చీర చెంగు మళ్లీ తడిపాను. నాకు ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తారు, బండెక్కి పోతాను. ఆ తర్వాత కూడా వాళ్లిద్దరూ ఇక్కడే ఉంటారు.

చివరికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. పళ్లెంతో తలుపు బాదుతుంటే డ్రైవరు విని, జాకీ రాడ్డుతో గడియ విరగ్గొట్టాడు. అప్పటికి ఇంటి నీడ ముందువైపుకు తిరిగింది. ముగ్గురం మంచం ఎత్తి ఆ నీడలో దించాం. ముసలామె కాసేపు ఆకాశాన్నే చూసి, నిద్రపోయింది.

మర్నాడు ఆఫీసులో జరిగిందంతా చెప్పాను. కిటికీ చోటు మార్చనివ్వమని అడిగాను. సారు నన్ను కోప్పడలేదు. ప్లాను ముట్టుకోకూడదన్నాడు, వాకిలి తూర్పున లేకపోతే తాళంచెవి తీసుకోడానికి ఎవరూ రారన్నాడు, కుప్పం స్థలం చూస్తేనేమో సన్నం అన్నాడు. "మన చేతులు కట్టేసి ఉండారమ్మా. ఆ గీతల్లోనే ఏదన్నా ఉందేమో సూడు."

కొన్నాళ్లు ఏమీ దొరకలేదు. ఏ వైపు జరిపినా సందు సందుగానే ఉండేది. తర్వాత ఒక ఇంటిని అద్దంలో బొమ్మలా తిప్పి, కిటికీ లేని గోడ వైపున పక్కింటికి ఆనించి చూశాను. రెండిళ్లకూ మధ్యలో ఒకటే గోడ. అక్కడ మిగిలిన జాగా అవతలి వైపు కలిసి, సందు రెండింతలైంది. కిటికీలు రెండూ ఆ వైపే తెరుచుకుంటాయి. ప్లాను మారలేదు, వాకిళ్లు తూర్పునే ఉన్నాయి. సారు చాలాసేపు చూసి, ముందు జనాన్ని ఒప్పించమన్నాడు.

కుప్పంలో షామియానా కింద మీటింగు పెట్టారు. సగం మంది తెలుగు, సగం మంది తమిళం. ఉమ్మడి గోడ అనగానే గొడవ మొదలైంది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచాడు.

"అన్నదమ్ములే ఒక గోడకు రెండు పక్కలా ఉండలేకపోతాండారు. రేపు పక్కింటి ఆయప్ప మేకు కొడితే నా గోడ పగులుతాది. మాకు యాలమ్మా ఈ తగులాట?"

గీసిన బొమ్మ పక్కన పెట్టి పుంగనూరు ఇంటి సంగతి చెప్పాను. చప్పుడు తగ్గింది. అందరూ ఒప్పుకోలేదు. ఒక్క వీధివాళ్లు, ఇళ్లల్లో ముసలివాళ్లున్నవాళ్లే ఎక్కువమంది, సరేనన్నారు. మిగతా వీధులన్నీ పాత పద్ధతిలోనే కట్టారు. ఆ వీధిలో ఇప్పుడు మధ్యాహ్నం కూర్చోగలుగుతున్నారు. చల్లగా ఉందని చెప్పను. ఊపిరాడుతుంది, అంతే.

పుంగనూరు ఇళ్లకు మేమేమీ చేయలేకపోయాం. కట్టిన గోడ జరగదు. సెగ తగ్గేలా స్లాబుమీద సున్నం కొట్టించమని పైవాళ్లను అడిగాం, ఎవరూ పలకలేదు. ఈమధ్య అటు వెళ్లినప్పుడు ఆ ఇంటి ముందు ఆగాను. ముసలామె కొడుకు మంచం కోళ్లకు చక్రాలు వెల్డింగు చేయించి, గడప తీసేసి సిమెంటుతో వాలు పోశాడు. నీడ తిరగ్గానే కోడలు ఒక్కతే మంచం బయటికి తోస్తుంది. నీడ తిరిగేదాకా లోపలే.

తంబళ్లపల్లె కాలనీ పని ఇప్పుడు నా బల్లమీద ఉంది. ప్లాను అదే. స్థలం ఇంకా సన్నం. ఉమ్మడి గోడ వద్దని అక్కడివాళ్లు ముందే చెప్పి పంపారు. వచ్చే వారం బస్సెక్కి వెళ్లి వాళ్లతో మాట్లాడాలి.