నీళ్ళున్న ఇల్లు

మా ఆయన బోరుబండి మీద డ్రిల్లరుగా పనిచేసేవాడు. మా అనంతపురం వైపు ఆ పనికి కొదవ లేదు, నీళ్ళు పడటమే అరుదు. ఎన్ని రాడ్లు దింపినా తెల్లటి దుమ్మే లేచేది. చేను గలాయన ఆ దుమ్ములోనే తువ్వాల నెత్తిన వేసుకుని కూర్చుండిపోయేవాడు. ఈయన రాడ్లు ఊడదీసుకుని ఇంకో ఊరికి పోయేవాడు. తొంభైల చివర్లో బండి ఓనరు ఆ బండినే ఓడ ఎక్కించి టాంజానియాకు పంపాడు. దానితోపాటు మా ఆయనా పోయాడు. జూన్‌లో పోయాడు. అప్పటికి అక్కడ పెద్దవానలు అయిపోయాయట. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడాది ఆఖరుకు, పెళ్ళాం పిల్లలను తెచ్చుకోవచ్చని ఓనరు ఒప్పుకున్నాడు. గార్లదిన్నె దగ్గర మా ఊళ్ళో ఫోన్ ఉన్నది ఒక్క ఎస్టీడీ బూత్‌లోనే. ఆదివారం పొద్దున ఆయన ఫోన్ వస్తుందంటే నేనూ మా అత్తా పోయి బెంచీ మీద కూర్చునేవాళ్ళం. పని లేని వాళ్ళందరూ వచ్చి మా చుట్టూ కూర్చునేవాళ్ళు. మా ఊళ్ళో పని లేని వాళ్ళకు కరువు లేదు.

మొదటి దెబ్బ ఆ బెంచీ మీదే తగిలింది.

"మీకు వీసా కావల్లంటే ముందు నేను ఈడ ఇల్లు తీసుకోవల్లంట మే. ఇంటి కాగితం లేకుంటే దరఖాస్తే ముట్టరు" అన్నాడాయన.

"మనుషులు రాకముందే ఇల్లా? ఆ ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. ఊరికే బాడుగ కట్టల్ల. అదీ ఏడాదిది ముందే."

మా అత్త నా చేతిలో ఫోన్ లాక్కుంది.

"ఏడాది బాడుగ ముందే ఇస్తే వాడు పారిపోతే ఏం జేస్తావురా?"

"ఇంటాయన పారిపోయినా ఇల్లు ఆడే ఉంటాది కదవ్వా" అన్నాడు బూత్ అతను.

"నీకేం తెలుసు. నీ బూతు నువ్వు చూసుకో."

రెండో దెబ్బ ఇంకో ఆదివారం. వీసాకు కూడా గడువు ఉంటుందట. అచ్చు వేసి ఇచ్చాక ఇన్ని నెలల్లోపల ఆ దేశంలో కాలు పెట్టకపోతే చెల్లదట. నాకు నమ్మబుద్ధి కాలేదు. గవర్నమెంటు సీలు వేసిన కాగితం చచ్చిపోవడం ఏమిటి? మా పట్టాదారు పాసుపుస్తకం తాత కాలం పేర్లతో ఇంకా బతికే ఉంది.

అప్పుడు మా పెద్దపిల్ల ఏడో తరగతి. ఆ రోజుల్లో ఏడుకు పబ్లిక్ పరీక్ష ఉండేది, మార్చి ఆఖర్లో. అది రాయించకుండా పిల్లను కదిలించేది లేదని నేను పట్టుబట్టాను. నేను అక్షరాలు నేర్చింది రాత్రిబడిలో, పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఆ పిల్ల పలకే తీసుకుని. పాసుపోర్టు కాగితాల దగ్గర గుమాస్తా ఇంకు ప్యాడ్ నా ముందుకు తోస్తే, తిరిగి అతని ముందుకే తోసి సంతకం చేసినదాన్ని. నా కూతురు బడి సగంలో మానడం నా వల్ల కాదు.

తొందరగా దరఖాస్తు పెడితే పరీక్షలోపలే వీసా చచ్చిపోతుంది. ఆలస్యంగా పెడితే ఖాళీ ఇంటికి కట్టిన బాడుగ నెల నెలా కరిగిపోతుంది. ఇల్లు అసలే కుదరకపోతే సంసారం అక్కడ సగం, ఇక్కడ సగం. అలా రెండు ముక్కలయి పదేళ్ళు బతికినవాళ్ళను గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళల్లో చూశాను. నాకది వద్దు. బెంచీ మీద అందరం కలిసి లెక్క వేశాం. జనవరిలో ఇల్లు చూడాలి, వెంటనే దరఖాస్తు పెట్టాలి, మార్చికల్లా వీసా రావాలి, ఏప్రిల్‌లో విమానం ఎక్కాలి. బూత్ అతను క్యాలెండరు వెనక రాసి గోడకు తగిలించాడు.

జనవరిలో ఆయన మూడు ఇళ్ళు చూసి ఫోన్ చేశాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు నేను బెంచీకి అప్పజెప్పాను. ఒకటి బజార్లో మేడ మీద. కుళాయి ఒకటే, నాలుగు కాపురాలు. రెండోది గుట్ట మీద. గాలి బాగా వస్తుంది, నీళ్ళు మాత్రం లేవు, తోపుడు బండి మీద క్యాన్లతో తెచ్చి అమ్ముతారు.

"అదేం ఇల్లు? అదేదో మన ఊరే కదా" అంది అత్త.

మూడోది వాగు పక్కన, పల్లంలో. బాడుగ తక్కువ. గోడలకు లోపలా బయటా ఛాతీ ఎత్తు వరకు నీలం ఆయిల్ పెయింట్ వేశారు. వాకిలి ముందూ, పెరటి తలుపు ముందూ మోకాలెత్తు అరుగులాంటి గడప. పెరట్లో బావి.

"బావిలో నీళ్ళు ఎంత లోతున ఉండాయి?" అని అడిగాను.

"వంగి చెంబుతో ముంచుకోవచ్చు మే."

నేను బెంచీకి చెప్పాను. మా చేలో మూడు బోర్లు ఎండబెట్టుకున్న మా బావ బీడీ కింద పడేశాడు. ఒక ముసలాయన, "అబద్ధం చెప్తాండాడేమో కనుక్కోమ్మా" అన్నాడు. మళ్ళీ అడిగాను.

"నా చెయ్యి తడిసింది మే. అబద్ధమెందుకు చెప్తా."

"ఇంగ ఏం ఆలోచన. నీళ్ళుండే ఇల్లు తీసుకోమను" అంది మా అత్త. బెంచీ అంతా అదే మాట. నా మాటా అదే. ఆ బెంచీ మీద ఆ రోజు ఎవరున్నా వేరే మాట అనేవాళ్ళు కాదు.

అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. కాగితం వచ్చింది, వీసా వచ్చింది, పిల్ల పరీక్ష రాసింది. మా కుటుంబంలో ఏ పనీ అంత సరిగ్గా ముహూర్తానికి కుదరలేదు. అత్త బావగారింటికి మూట సర్దుకుంటూ, "గంగమ్మ ఉండే ఇంటికి పోతాండావు. మొక్కి కాలు పెట్టు" అని చెప్పింది.

మొక్కే కాలు పెట్టాను. ఆ గడప చూడగానే నా కడుపు నిండింది. మా వైపు అంత గడప పెద్ద రెడ్ల ఇళ్ళకే ఉంటుంది. రెండు వైపులా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. చీర ఎత్తిపట్టుకుని దాటాల్సి వచ్చేది, అయినా గొప్పగానే ఉండేది. గోడల నీలం మా ఇళ్ళకు కింద పూసే ఎర్రమన్ను పట్టెలాగా ఉంది, ఇంకా ఎత్తుగా, అందంగా. ఆ వీధిలో అందరి మంచాలూ ఇటుకల మీద నిలబెట్టి ఉన్నాయి. తేళ్ళ భయం కాబోలు అనుకున్నాను. నేను బావి దగ్గరే ఎక్కువసేపు కూర్చునేదాన్ని. నీళ్ళలో నా ముఖం కనిపించేది. అంత దగ్గరగా బావి నీళ్ళలో ముఖం చూసుకోవడం నాకు అదే మొదలు.

మర్నాడు పక్కింటామె వచ్చింది. అరటిపండ్లు ఇచ్చింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఆమె ఆకాశం చూపించి, తర్వాత నా గోడ మీద నీలం అయిపోయే చోట అరచెయ్యి ఆనించింది. నాలుగేళ్ళ మా అబ్బాయిని చూసి మళ్ళీ గోడ మీద చెయ్యి పెట్టింది. పిల్లవాడు ఎంత ఎత్తు పెరుగుతాడో చెబుతోందనుకుని దండం పెట్టాను. ఆమె నన్ను వింతగా చూసి వెళ్ళిపోయింది.

మా ఆయన బండితోపాటు లోపలి జిల్లాలకు పోయాడు. అక్కడ నీళ్ళు లేవట.

ఆ వారమే వాన మొదలయింది. ఏప్రిల్‌లో వాన. మా దగ్గర ఏప్రిల్ అంటే రాళ్ళు పగిలే ఎండ. వీసాకు, పరీక్షకు, బాడుగకు లెక్క వేసుకున్నాం. వానకు ఎవరం వేయలేదు. మాకు వాన కోసం చూడటం తెలుసు, వాన వస్తుందని ముందే లెక్క వేయడం తెలీదు.

తెల్లారి చూస్తే బావి నీళ్ళు ఒర మీదుగా పొర్లుతున్నాయి. నేను పిల్లలను కేకేసి లేపాను, భయంతో కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఊరి చెరువు ఒకసారి నిండి మరవ మీదుగా పొర్లి పారింది. ఊరంతా డప్పులతో పోయి గంగమ్మకు పసుపు కుంకుమ వదిలి టెంకాయలు కొట్టాం. మళ్ళీ అది చూడలేదు. ఇప్పుడు గంగమ్మ నా పెరట్లోకి వచ్చింది. ఇంట్లో టెంకాయ ఉంది, కర్పూరం ఉంది. పిల్లను గొడుగు పట్టమని, బావి ఒర మీద కర్పూరం వెలిగించాను. టెంకాయ కొట్టాను. అప్పటికి పాదాలు మునిగాయి. మునిగితే ఇంకా మంచిదనుకుని నీళ్ళు తీసి నెత్తిన చల్లుకున్నాను.

పక్కింటామె అప్పుడే వచ్చింది. వీపున బిడ్డ, నెత్తిన మూట, చేతిలో కోళ్ళ బుట్ట. హారతి ఇస్తున్న నన్ను చూసి నిలబడిపోయింది. ఆమె అన్ని నీళ్ళకూ బెదరలేదు, నన్ను చూసి బెదిరింది. బుట్ట కింద పెట్టి వచ్చి నా రెక్క పట్టుకుని లాగింది.

"మా, ఇంట్లోకి వస్తాండాయి" అంది నా కూతురు.

వెనక్కి తిరిగి చూశాను, నీళ్ళు అప్పటికే మోకాళ్ళు దాటాయి. నేను కొట్టిన టెంకాయ చిప్ప నీళ్ళ మీద తేలుకుంటూ పోయి, నేను పసుపు రాసిన పెరటి గడప దాటి ఇంట్లోకి పోతోంది. ఆ గడప ఎందుకు అంత ఎత్తు కట్టారో అప్పుడు అర్థమయింది. పక్కింటామె పిల్లను పట్టుకుంది. నేను అబ్బాయిని చంకనేసుకుని, పాసుపోర్టులు, ఇంటి కాగితం దాచిన పప్పు డబ్బా తీసుకుని బయటపడ్డాను. వీధిలో నీళ్ళు నడుముకు వచ్చాయి. ఎర్రటి నీళ్ళు, పట్టి లాగుతున్నాయి. నీళ్ళకు అంత బలం ఉంటుందని నాకు తెలీదు. ఒకచోట అబ్బాయి చంకలోంచి జారాడు. వాడి చొక్కా కాలరు దొరకబట్టి ఎత్తాను. వాడు ఏడవలేదు. నన్నే చూస్తున్నాడు.

రోడ్డు గట్టు ఎక్కి చూస్తే జనమంతా అక్కడే ఉన్నారు. మంచాలతో, మేకలతో, సర్దుకుని కూర్చున్నారు. ఏటేటా వచ్చి కూర్చునే చోటులాగా ఉంది. కింద మా ఇల్లు కనిపిస్తోంది. నీళ్ళు ఎక్కి ఎక్కి, నీలం రంగు అయిపోయిన చోటికి వచ్చి ఆగాయి. పక్కింటామె నా వైపు తిరిగి, గాలిలోనే మళ్ళీ అరచెయ్యి ఆనించి చూపించింది.

అన్ని నీళ్ళను చూస్తూ నేను భయపడింది వీసా గురించి. ఇల్లు చూపించి తెచ్చుకున్న వీసా ఇది. ఇల్లు మునిగింది కదా, ఇంక మమ్మల్ని తిరిగి పంపేస్తారు, మళ్ళీ ఆ బెంచీ మీదే కూర్చోవాలి అనుకున్నాను. పప్పు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

మా ఆయన మర్నాడు వచ్చాడు. గట్టు మీద నిలబడి ఇంటి వైపు చూశాడు.

"ఇన్ని నీళ్ళా" అన్నాడు. అంతే.

"ఆ రంగు ఎందుకేసినారని అడగలేదా నువ్వు?"

"అడిగినా. గోడ చెడిపోకుండా అన్నాడు ఇంటాయన. సున్నం రాలకుండా అనుకున్నా."

ఇంటాయన దగ్గరికి పోయి అడిగితే, ఆయన మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడట. "బాడుగ అంత తక్కువ ఎందుకనుకున్నావు? నువ్వు బోర్లు వేసేవాడివి. నీళ్ళ సంగతి తెలిసినవాడివి కదా అనుకున్నాను" అన్నాడట. మా ఆయన, కట్టిన బాడుగ ఊసెత్తకుండానే తిరిగి వచ్చాడు.

గుట్ట మీది ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఇంటామె నెల నెలా కడితే చాలంది. ఒకటికి రెండుసార్లు చెప్పింది, "ఇక్కడ నీళ్ళు ఉండవు, క్యాన్లు కొనుక్కోవాలి, స్నానానికి కూడా చూసి వాడుకోవాలి, మీకు కష్టం" అని. మా ఆయన అది తెలుగులో చెప్తుంటే, నాకు ఊరి నుంచి వచ్చాక మొదటిసారి ధైర్యం వచ్చింది. ఒక బిందెతో ఇల్లంతా గడపడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

వీసా ఆఫీసులో కొత్త అడ్రసు రాసుకుని పంపేశారు. మమ్మల్ని నెలల తరబడి తిప్పిన ఆ ఇంటి కాగితాన్ని అడగనే లేదు. సంసారంతో దేశం పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఇల్లు చూసే కాలం వేరు, దిగే కాలం వేరు. దిగే కాలంలో ఆ వీధి ఎట్లా ఉంటుందో పక్కింటివాళ్ళను అడగండి, ఇంటాయనను కాదు. వాళ్ళు చెయ్యి పెట్టి చూపిస్తే, దండం పెట్టి ఊరుకోకండి.

ఆ ఆదివారం బూత్‌కు ఫోన్ చేశాను. అత్త తీసింది. వెనకాల బెంచీ ఊపిరి వినపడుతూనే ఉంది.

"నీళ్ళు బాగుండాయా మే?"

జరిగిందంతా చెప్పాను.

"నీళ్ళకు జడిసి ఇల్లు ఖాళీ చేసినారా?"

"అవునత్తా."

"నీళ్ళు లేని ఇంటికి పోయినారా?"

"అవునత్తా."

"ఈ మాట నేను ఈడ ఎట్ల చెప్పేది మే? నలుగురూ ఉమ్మేస్తారు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ ఇంట్లో దయ్యం ఉండాదని చెప్తాలే."

అట్లాగే చెప్పింది. ఇప్పటికీ మా ఊళ్ళో పెద్దవాళ్ళు నన్ను ఆ దయ్యం గురించి అడుగుతారు. అది ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే, ఛాతీ దగ్గర అరచెయ్యి పెట్టి, ఇంత ఎత్తు ఉంటుందని చెప్తాను.