మా మేనత్త అడిగి తీసుకున్న చెట్లు

పోయిన నెల మలేసియాలో సుంగై సిపుట్ ఊరి దగ్గర, పామాయిల్ తోట చివర కాలవ గట్టున, కొందరు పెద్దలు ఒక రాయి నిలబెట్టారు. తెల్లదొరలు ఇక్కడ ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో అడవిలోకి పోయి వాళ్ళ మీద పోరాడి చచ్చిపోయినవాళ్ళని గుర్తు లేకుండా పూడ్చిన చోటది. రాతి మీద చీనా అక్షరాలున్నాయి, తమిళ అక్షరాలున్నాయి. తెలుగు లేదు. ఇపో పట్నం నుంచి నన్ను కారులో తీసుకెళ్ళిన మా అబ్బాయి, "ఇక్కడ మనోళ్ళెవరమ్మా, సెప్పు లా" అని మలయ్ యాస కలిపి అడిగాడు.

మా మావయ్య ఉన్నాడు. మేనత్త భర్త. అప్పుడక్కడంతా రబ్బరు తోట. మా రెండిళ్ళకీ మధ్య చెక్కగోడ ఒక్కటే. మావయ్య యూనియన్ మనిషి. నోరు ఊరుకోదు, ఉప్పుచేప లేనిదే ముద్ద దిగదు. యూనియన్ వాళ్ళని పట్టుకుపోవడం మొదలయ్యాక ఆయన అడవి దారి పట్టాడు. గుమ్మంలో నిలబడి మా అత్త, "ఆ అడివిలో ఉప్పుసేప నీకెవులు ఏపి పెడతారు?" అని సాధించిందట. ఆయన నవ్వుతూనే వెళ్ళాడట.

కొన్నాళ్ళకి పోలీసు స్టేషన్ ముందు లారీలోంచి శవాలు దించి, తోట జనాన్నంతా వరసగా నడిపించి చూపించారు. అత్త వంతు వచ్చింది. "ఈ మనిసిని నానెరగను సార్" అంది. ఎరుగుదునంటే ఇంటిల్లిపాదినీ క్యాంపులో పెట్టేవారు, లేదా ఓడెక్కించి ఇండియా పంపేసేవారు. ఇంటికొచ్చి బియ్యం కడిగింది. చెక్కగోడలకి చెవులెన్నో తెలియదు కనక ఏడవలేదు. బొట్టూ గాజులూ తీయలేదు. తీస్తే స్టేషన్‌కెళ్ళి చెప్పినట్టే.

గొయ్యి తవ్విన తమిళాయన ఆ చోటు మా నాన్నకి చెవిలో చెప్పాడు. అత్త కొంతకాలం ఆగి, తోట లెక్కలు చూసే కిరానీ దగ్గరికెళ్ళి, కాలవ పక్క చెట్లు పాలకి గీయడానికి తనకిమ్మని అడిగింది. అవి ముసలి చెట్లు. పాలు తక్కువ, దోమలెక్కువ. కిరానీ నవ్వుకుని ఇచ్చేశాడు. ఒకసారి నేను టీ పట్టుకెళితే, చుట్టుపక్కల ఎవరూ లేకుండానే, చెట్టు గీస్తూ ఎవరినో తిడుతోంది. ఇంట్లో మావయ్యని సాధించే గొంతే అది.

మెర్దెకా రోజున, అంటే దేశానికి స్వతంత్రం వచ్చిన రోజున, తోటలో మిఠాయిలు పంచి, తెర కట్టి సినిమా వేశారు. అందరం గొంతు పోయేలా అరిచాం. అత్త తన తమ్ముణ్ణి, అంటే మా నాన్నని, పక్కకి పిలిచి, "ఒరే, ఇప్పుడైనా ఏడవొచ్చేటిరా?" అంది.

"ఎమర్జెన్సీ ఇంకా పోనేదు అప్పా. కొన్నాల్లాగు."

ఆగింది. ఎమర్జెన్సీ ఎత్తేశారని తెలిసిన రోజు నాన్న పరుగున వచ్చి, "అప్పా, ఇంక ఏడు" అన్నాడు. ఆ మాట అన్నాక తనే ఏడ్చాడు. అత్త గాజులు ఒక్కొక్కటే తీసి పీట మీద పెట్టింది. ఎంతకీ ఏడుపు రాలేదు.

"ఆ రోజు సూడనట్టు సూసినాను గదరా," అంది చివరికి. "మొకం గేపకం రావట్నేదు."

మెర్దెకా ఎప్పుడొచ్చిందో, ఎమర్జెన్సీ ఎప్పుడు పోయిందో మా మనవలు బళ్ళో చదువుకుంటున్నారు. మా అత్త ఏడవవలసిన కాలం మాత్రం ఎప్పుడొచ్చి ఎప్పుడు దాటిపోయిందో, పక్కింట్లో ఉండీ మాకు తెలియలేదు.