ఫిలింనగర్‌లో వానకు లేచిన జిగురు

వాన వెలిసిన మర్నాడు పొద్దున ఏడున్నరకు వెంగళరావు నగర్‌లో బయలుదేరాను. కారణం యాదమ్మ. మా అపార్ట్‌మెంటు కుండీలకు నీళ్లు పోసి, ఆపైన ఫిలింనగర్‌లో ఒక షూటింగ్ బంగ్లా తోట చూసుకుంటుంది. అక్కడ గులకరాళ్ల నేల మీద పచ్చటి జిగురు ముద్దలు తేలాయి. పోయినవారం రాక్షసుడి సీను తీసినవాళ్లు వదిలేసిన నకిలీ జిగురే అదనీ, యాదమ్మ కడగలేదనీ మేనేజరు వాదన. ఇవాళ్టితో పని మానెయ్యమన్నాడట.

“కడిగిన సార్. వాన పడంగనే మళ్ల లేచింది. మీరొచ్చి జర చెప్పుండ్రి.”

ఇద్దరం మధురానగర్‌లో మెట్రో ఎక్కాం. నా చేతిలో భూతద్దం చూసి పక్కనున్నాయన, “ఏంది తాతా, వజ్రాలు ఏరనీకి పోతున్నవా?” అన్నాడు. అంతకంటే పాతవాటికి అన్నాను. చెక్‌పోస్టు స్టేషన్లో దిగి, అక్కణ్ణించి గుట్టంతా కాలినడకన ఎక్కాను. సరే, ఆటోలోనే ఎక్కాను.

“నలభై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇలాంటివి వేలకొద్దీ చూశాను. ఇది నాస్టాక్, సయనోబ్యాక్టీరియా. ఎండకు పెచ్చుకట్టి, వానకు మళ్లీ ఉబ్బి లేచే సూక్ష్మజీవుల గుంపు,” అన్నాను మేనేజరుతో. ముదురాకుపచ్చ రంగు, ముడతలు, వేరు లేదు, ఆకు లేదు. వేలితో ఎత్తితే నేలను వదిలి వచ్చేసింది.

“మా ఆర్టువాళ్లు చేసిందీ అచ్చం ఇలాగే ఉంటుంది మాస్టారూ,” అన్నాడాయన గర్వంగా.

వానకు ముందే షూటింగ్ లైట్ల మీద కప్పిన టార్పాలిన్ అంచు ఎత్తించాను. కింద పొడినేల మీద నల్లటి పెళుసు పెచ్చులున్నాయి. ఒకటి తీసి టీ కప్పు నీళ్లలో వేసి, అరగంట ఆగమన్నాను.

ఇక్కడ ఒప్పుకోవాలి. వేలకొద్దీ కాదు, ఒక్కటీ చూడలేదు. పుస్తకంలో బొమ్మ చూశాను, పిల్లలకూ దాన్నే చూపించాను. యాదమ్మ కప్పు వంక చూస్తోంది, నేను గేటు వంక.

తొమ్మిదిన్నరకు పెచ్చు మెత్తబడి, అంచులు విచ్చుకుని, పచ్చబడింది. మేనేజరు వేలితో నొక్కి చూశాడు.

“ప్రాణముందాండీ దీనికి?” అని, వెంటనే అటు తిరిగి, “యాదమ్మా, ఇంక కడగకు. రేపు పాతాళం సెట్టు వేస్తున్నారు. ఎండిపోకుండా నీళ్లు కొడుతుండు.”

“కడగలేదని పని తీసేస్తనంటివి. గిప్పుడు కడిగితే తీసేస్తవా సారూ?”

చూడదలచినవారు ఎండ ముదరకముందే వెళ్లండి. జారుతుంది, చెప్పులు జాగ్రత్త. తిరుగు మెట్రోలో సీటు దొరికింది. నకిలీని అసలనిపించి బతికే చోట అసలుదాన్ని నమ్మించడానికి అరగంట పట్టింది. యాదమ్మ నాతో రాలేదు. పైపు పట్టుకుని, తన పని ఊడగొట్టబోయిన జిగురుకు నీళ్లు పెడుతోంది.