చివరి వరుస

డబుల్ బేస్ అనే ఆ పెద్ద తీగల వాయిద్యం మాస్టారికన్నా జానెడు ఎత్తు. వీధిలో వెళ్తుంటే ఎవరు ఎవరిని మోస్తున్నారో తెలియదు. ప్రతి కచేరీకి ముందు ఆయన భార్య హాల్లో చివరి వరుసలో కూర్చుని, వినబడితే చెయ్యెత్తుతుంది, లేకపోతే తల అడ్డంగా ఊపుతుంది. ఏడాదిగా ఊపుతూనే ఉంది. డ్రమ్ముల మోతే కారణమనుకున్నారు మాస్టారు. వాయిద్యం శబ్దాన్ని పెంచే పికప్ కొనే స్తోమత లేక, పాడైన కాలింగ్ బెల్‌లోని రేకుబిళ్లకు వైరు అతికించి, బిరడా ముక్కతో తీగల్ని ఎత్తిపట్టే వంతెన చెక్క కింద బిగించారు. ఆ వైరును పాత రేడియోకు కలిపితే చాలు, దాని స్పీకరులో మోగుతుంది.

"ఇవాళ గోడలు అదిరిపోతాయి, చూడు!"

"గోడల సంగతి తర్వాత, ముందు నాకు వినిపించండి!"

డ్రమ్ములతో పాటు మాస్టారు వాయించడం మొదలుపెట్టారు. చివరి వరుస నుంచి ఆయన వేళ్లనే చూస్తున్న ఆమె చెయ్యెత్తింది. "గుండెల్లో మోగుతోందండీ!"

పక్కనున్న డ్రమ్మర్ వంగి, "వైరు కిందే పడుంది మాస్టారూ! ఇక్కడ నాకే వినబడట్లేదు," అన్నాడు.

ఏడాదిగా తగ్గుతున్నది వాయిద్యం మోత కాదని, ఆమె వినికిడి అని మాస్టారికి అప్పుడు తెలిసింది. వేళ్లు మాత్రం ఆపలేదు.

"ఊరుకోరా, ఆవిడ వింటోంది," అన్నారు.