పాడైపోయిందన్న మిషన్

ఉదయం పదకొండూ పదికి నర్సు షబానా నాకు టీ ఇచ్చింది. కప్పు ఖాళీ అయ్యేలోగా ఆమె పనిచేసే పురిటి వార్డులో పని ఆపేయించాను. నా సామర్థ్యం అంతటిది.

అప్పట్లో ఒక అరబ్బు దేశంలో నా ఉద్యోగం, పుట్టిన పిల్లలకు ఆసుపత్రులు వినికిడి పరీక్ష సరిగా చేస్తున్నాయో లేదో చూడటం. అల్ ఖువైర్ ఆఫీసు నుంచి ఖురియాత్ దాకా కారులో వెళ్లి, కొత్త అల్లుడు కూరలకు వంకలు పెట్టినట్టు రిజిస్టర్లు తిరగేసేవాణ్ణి.

పరీక్ష చిన్నదే. చెవిలో సన్నటి గొట్టం పెడితే మిషన్ 'పాస్' అని చూపిస్తుంది. అనుమానముంటే 'రిఫర్' అంటుంది. ఆ రోజు వరసలో మొదటిది జగిత్యాల నుంచి వచ్చిన లారీ డ్రైవర్ గంగాధర్ కూతురు. రెండు రోజుల పిల్ల.

"ఆగండి సిస్టర్, ముందు మిషన్‌ను పరీక్షించాలి," అని గొట్టం నా ఎడమ చెవిలో పెట్టుకున్నాను. రిఫర్. మళ్లీ పెట్టాను. రిఫర్.

"మిషన్ పాడైంది."

"పొద్దున బాగుండె కద సార్!" షబానాది కడప. ఊరుకునే మనిషి కాదు.

"ఎన్ని ఆసుపత్రులు చూశాననుకున్నారు?" అంటూ 'వాడరాదు' అని ఎర్ర స్టిక్కర్ అంటించాను.

గంగాధర్ ముందుకొచ్చాడు. "సార్, రేపటి సంది నాకు సలాలా దాక దూరం ట్రిప్పులు. నా పెండ్లాం ఒక్కతే పిల్లను పట్టుకొని యాడికి పోతది? ఇయ్యాల్నే చూడుండ్రి."

"నెల తర్వాత తీసుకురా."

"నా బిడ్డకు ఇనవడ్తదో లేదో నెల దాక తెల్వకుండనే ఉండాల్నా?"

నేను ఫారం నింపుతున్నాను. ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

షబానా స్టిక్కర్ పీకేసి, గొట్టం తన చెవిలో పెట్టుకుంది. పాస్. రోజంతా ఇంజన్ మోత భరించే గంగాధర్ చెవిలో పెట్టింది. అదీ పాస్. చివరికి నిద్రపోతున్న పాపకు పెట్టింది. రెండు చెవులూ పాస్. గంగాధర్ కళ్లు తుడుచుకుని, నావైపు జాలిగా చూశాడు.

"మిషన్ బాగుండాది సార్," అంది షబానా. "అది మిమ్మల్నే రిఫర్ చేసినాది."

ఆడలేక మద్దెల ఓడన్నవాడు నయం. వాడు మద్దెలకు సీలు వేయలేదు.

ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకనని నా భార్య ఇరవై ఏళ్లు అలిగింది. అది పొగరు కాదు, చెవి అని చెప్పడానికి అప్పటికి ఆమె లేదు.

రిపోర్టులో ఒకే లోపం రాశాను: పరీక్షించడానికి వచ్చిన అధికారి. దాని కింద, ఆఫీసు ముద్ర సాక్షిగా ప్రతిజ్ఞ చేసి సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి ఏ ఆసుపత్రి మిషన్‌నూ నా చెవితో పరీక్షించలేదు.